సత్తువ సన్నగిల్లినప్పుడు: ఇంటనున్న పెద్దల ఆరోగ్యం, మన కర్తవ్యం

 

ఈ వార్షిక సమావేశంలో ధమ్మ చరిత్రను గురించి గాని, దీక్షా ఉద్యమాన్ని గురించి గాని మాట్లాడవలసిందిగా కొందరు మిత్రులు సూచించారు. ఆ విషయాలను మాకంటె చక్కగా చెప్పగలవారు ఈ సభలో ఉన్నారు. మేము ఈనాడు మన ఇళ్ళలో, మన వాడలలో, తలుపు వెనుక మంచం మీద రోజులు గడుపుతున్న పెద్దవారి దేహబలాన్ని గురించి మాట్లాడదలచాము. ఈ విషయాన్ని ఎన్నుకోవడానికి కారణమున్నది. దానిని దాచకుండా ముందుగానే మీ ముందుంచుతాము.

మా విహారానికి ప్రతి పున్నమికి వచ్చే ఉపాసిక ఒకరుండేవారు. ఆమె పేరు ఇక్కడ చెప్పము. అందరమూ పెద్దమ్మా అనే పిలిచేవారము. మా ఊరిలో దీక్ష స్వీకరించిన తొలి కుటుంబాలలో వారిదొకటి. నాట్లకు, కలుపులకు, కోతలకు జీవితమంతా వంగిన నడుము ఆమెది. వందన సమయంలో మొదటి వరుసలో, నేలమీద కూర్చునేవారు. ఒక ఏడాది ఆమె నేలమీద కూర్చోవడం మాని, వెనుక గోడ దగ్గర కుర్చీలో కూర్చోసాగారు. కొన్నాళ్ళకు పూలపళ్ళెం పట్టుకోవడానికి పక్కవారిని పిలిచేవారు. ముంజేతి గాజులు మోచేతి దాకా జారడం మేము చూశాము. గోడ పట్టుకొని మెట్లు దిగడం చూశాము. పెద్దతనం కదా అని అనుకున్నాము. వరుసగా రెండు పున్నములు రానప్పుడు కూడా అదే అనుకున్నాము. మూడవ పున్నమికి కొద్ది రోజుల ముందు, రాత్రివేళ పెరటిలోని మరుగుదొడ్డికి వెళ్తూ ఆమె పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను జరిగింది గాని, ఆమె మళ్ళీ నడవలేదు. నాలుగు నెలలకు కన్నుమూశారు.

తరువాత ఆ ఇంటికి వెళ్ళి కూర్చున్నప్పుడు మాకు తెలిసిన సంగతులివి. ఆమె చాలాకాలంగా ఒంటిపూట మాత్రమే అన్నం తింటున్నారు. ఆ అన్నంలోకి పలుచని మజ్జిగ, ఊరగాయ. పళ్ళు ఊడిపోయాయి గనుక నమలడం కష్టం. కూర మిగిలితే పిల్లలకు ఉంటుందని ఆమెయే వద్దనేవారు. ఒక కంటికి శుక్లం వచ్చింది. నిద్ర పట్టడం లేదని ఎవరో ఇచ్చిన మాత్ర రోజూ వేసుకునేవారు. పెరటిలో దీపం లేదు. ఆ ఇంటివారు చెడ్డవారు కారు. కొడుకు తెల్లవారకముందే పనికి పోతాడు, కోడలు కూలికి పోతుంది. వారికి తీరికలేదు. మాకైతే తీరిక ఉన్నది. ప్రతి పున్నమికి ఆమెను చూస్తూనే ఉన్నాము. అయినా ఒక్కసారి కూడా, పెద్దమ్మా, ఏమి తింటున్నావు అని అడగలేదు. ఈ తప్పు మాది. ఇటువంటి తప్పు మరొక విహారంలో జరగకూడదనే ఈ ప్రసంగం.

మిత్రులారా, మనం సత్తువ తగ్గింది, చిక్కిపోయింది, నీరసించింది అని చెప్పుకొనే స్థితికి వైద్యశాస్త్రంలో ఒక పేరున్నది. దానిని ఫ్రెయిల్టీ అంటారు. దౌర్బల్యమని మనం చెప్పుకోవచ్చును. ఇది రక్తపోటు, మధుమేహం వంటి ఒక్క వ్యాధి కాదు. శరీరంలోని అన్ని వ్యవస్థలలోను నిల్వబలం తరిగిపోయిన స్థితి ఇది. బలమున్న మనిషి నాలుగు రోజుల జ్వరం వచ్చినా లేచి తిరుగుతాడు. నిల్వ తరిగిన మనిషిని అదే జ్వరం మంచాన పడవేస్తుంది. లిండా ఫ్రీడ్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు 2001లో దీనిని గుర్తించడానికి ఐదు లక్షణాలను నిర్ణయించారు. ఏడాదిలో ప్రయత్నించకుండానే సుమారు నాలుగున్నర కిలోల బరువు తగ్గడం, ఏ పని చేసినా అలసటగా ఉండడం, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, రోజువారీ కదలిక బాగా తగ్గిపోవడం. వీటిలో మూడు గాని అంతకు మించి గాని ఉంటే దౌర్బల్యం. ఒకటి రెండు ఉంటే దానికి ముందు దశ. మా పెద్దమ్మను గుర్తు చేసుకోండి. జారిన గాజులు బరువు తగ్గడానికి గుర్తు. ఇతరులకు అందించిన పూలపళ్ళెం పట్టు సడలడానికి గుర్తు. గోడ పట్టుకొని దిగిన మెట్లు నడక చెడినదానికి గుర్తు. ఆ గుర్తులన్నీ మా కళ్ళయెదుటనే ఉన్నాయి. వాటి అర్థం మాకు తెలియలేదు.

వృద్ధాప్యమంటే ఇంతే కదా, ఇందులో చేయగలిగినదేమున్నది అని మీలో కొందరు అనుకోవచ్చును. జర, వ్యాధి, మరణం తప్పవని తథాగతుడు బోధించలేదా అని కూడా అడగవచ్చును. బోధించాడు. కాని జర తప్పదనడం వేరు, ఈ మనిషికి ఈనాడు కలిగిన బలహీనతకు కారణం వెదకనక్కరలేదనడం వేరు. దుఃఖానికి కారణమున్నదని, ఆ కారణాన్ని తెలుసుకోవాలని చెప్పిన బోధ మనది. ఏ బాధ వచ్చినా పూర్వజన్మ కర్మమని, నుదుటి రాత అని సరిపెట్టుకొనే అలవాటును విడిచి వచ్చినవారము మనం. పెద్దతనం అనే మాటను ఆ నుదుటి రాత స్థానంలో కూర్చోబెడితే మనం విడిచినదేమిటి?

కారణాలు వెదికితే చాలావరకు దొరుకుతాయి. వయసుతో కండ తరుగుతుంది, నిజమే. కాని చాలీచాలని తిండి, కదలకుండా కూర్చోవడం దానిని మరింత త్వరగా కరిగిస్తాయి. రక్తహీనత, థైరాయిడు లోపం, అదుపు తప్పిన మధుమేహం, బి12 విటమిను కొరత, దిగులు, ఊడిన పళ్ళు, చూపు మందగించడం, వినికిడి తగ్గడం ఇవన్నీ మనిషిని మూలకు నెట్టగలవు. వీటిలో అనేకం చికిత్సకు లొంగేవే.

ఒక అధ్యయనాన్ని ఇక్కడ ప్రస్తావిస్తాము. అమెరికాలోని బోస్టన్‌లో వృద్ధాశ్రమవాసులు 100 మందిపై జరిపిన పరిశోధన 1994లో ప్రచురితమైంది. వారి సగటు వయస్సు 87 సంవత్సరాలు. పది వారాలపాటు కాళ్ళ కండరాలకు బరువులతో వ్యాయామం చేయించగా, చేసినవారి కండబలం రెట్టింపునకు మించి పెరిగింది. నడక వేగమూ పెరిగింది. వ్యాయామం లేకుండా కేవలం పోషక పానీయం తాగినవారికి ఆ మేలు కలుగలేదు. 87 ఏళ్ళ దేహం కూడా సరియైన పని చెబితే ప్రతిస్పందిస్తుందని దీనివలన తెలుస్తున్నది. టానిక్కు సీసా కొనిపెట్టి మన బాధ్యత తీరిందనుకోరాదని కూడా తెలుస్తున్నది.

మన పెద్దలకు బోస్టన్‌లోని పరికరాలు అక్కరలేదు. చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి చాలును. దానిని గోడకు ఆనించి, పక్కన ఒకరు నిలబడి, చేతుల ఊతం లేకుండా కూర్చొని లేవడం పూటకు ఐదారుసార్లు చేయించాలి. అలవాటైన కొద్దీ పెంచాలి. గోడ పట్టుకొని మునివేళ్ళపై లేవడం, అర లీటరు నీళ్ళ సీసాను చేతితో ఎత్తి దించడం, ఒక పాదం ముందు మరొక పాదం పెట్టి గోడ వెంట నాలుగు అడుగులు నడవడం కూడా అంతే సులభం. వృద్ధులు వారానికి కనీసం మూడు రోజులు ఇట్లా బలాన్ని, నిలకడను పెంచే కదలికలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. గుండె జబ్బు, ఇటీవలి ఆపరేషను, తల తిరగడం ఉన్నవారు వైద్యునితో చెప్పి మొదలుపెట్టాలి. నడక ధ్యానమైన చంక్రమణం మనకు కొత్త కాదు. చంక్రమణం వలన కలిగే ఐదు ప్రయోజనాలలో అనారోగ్యం తగ్గడాన్ని, తిన్నది జీర్ణం కావడాన్ని బుద్ధుడు చెప్పినట్లు అంగుత్తర నికాయం తెలుపుతున్నది. అయినా మన విహారాలలో పెద్దలను గంటసేపు కదలకుండా కూర్చోబెడుతున్నాము. కొంతసేపైనా నడిపించరాదా?

ఇక తిండి మాట. 50 కిలోల బరువున్న వృద్ధునికి రోజుకు 50 నుండి 60 గ్రాముల మాంసకృత్తులు అవసరమని వృద్ధుల పోషణలో నిపుణులు చెబుతారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుని సలహా ప్రకారమే తినాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల పచ్చి కందిపప్పులో 20 గ్రాములకు పైగా ఉంటాయి. ఒంటిపూట మజ్జిగన్నంతో ఈ లెక్క ఏనాటికీ పూర్తికాదు. పళ్ళు లేనివారికి పప్పు మెత్తగా ఎనపాలి, గుడ్డు ఉడికించి చిదమాలి, చేప ముల్లు తీసి పెట్టాలి, వేరుశనగ పప్పులు పొడిచేసి అన్నంలో కలపాలి. పెద్దవారు వద్దంటే నిజంగా వద్దో, పిల్లలకు మిగలాలని వద్దంటున్నారో కనిపెట్టాలి. మన తల్లుల ఆకలిని వారి మాటను బట్టి కొలవరాదు.

ఇక్కడ మన ఆచరణలోని ఒక విషయాన్ని స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. ఉపోసథ దినాన అష్టశీలాలు స్వీకరించి, మధ్యాహ్నం దాటిన తరువాత భోజనం మానివేసే పెద్దలు మనలో ఉన్నారు. వారి శ్రద్ధకు నమస్కరిస్తున్నాము. కాని మధుమేహానికి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని తీసుకొనేవారు రాత్రి భోజనం మానితే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. బరువు తగ్గుతున్నవారికి ఆ ఒక్కపూట తిండి కూడా విలువైనదే. వైద్యునితో చెప్పకుండా ఇటువంటి నియమం పాటించవద్దని మన భిక్షువులే పెద్దలకు చెప్పాలని సవినయంగా కోరుతున్నాము. రోగగ్రస్తులైన భిక్షువులకు నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం అనే ఐదింటిని ఔషధాలుగా బుద్ధుడు అనుమతించాడని వినయ పిటకం చెబుతున్నది. జబ్బుపడిన మనిషి కోసం నియమాన్ని సడలించడం మన సంప్రదాయంలోనే ఉన్నది.

పడిపోవడాన్ని గురించి మరికొంత చెప్పాలి. పెద్దలు ఎక్కువగా పడేది సొంత ఇంటిలోనే. తడిసిన నాపరాళ్ళు, ఎత్తైన గడప, అరిగిన చెప్పులు, దీపం లేని పెరడు, ఊగే మంచం. మరుగుదొడ్డి గోడకు ఒక ఇనుప గొట్టాన్ని బిగించడానికి, పెరటిలో ఒక బల్బు వేలాడదీయడానికి పెద్ద ఖర్చు కాదు. పడుకొన్నవారు చప్పున లేచి నిలబడితే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. రక్తపోటు మాత్రలు వేసుకొనేవారిలో ఇది మరీ ఎక్కువ. కాసేపు మంచం అంచున కూర్చొని అప్పుడు లేవాలి. వేసుకొంటున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసి ఏడాదికొకసారైనా వైద్యునికి చూపించాలి. ఒక వైద్యుడు రాసినది మరొకరికి తెలియక, ఒకే రకం మాత్రలు రెండు పేర్లతో మింగుతున్నవారిని మేము చూశాము. నిద్రమాత్రల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

మన ప్రజల విషయంలో మరొక సత్యమున్నది. దౌర్బల్యం అందరికీ ఒకే వయసులో రాదు. చిన్ననాటినుండి అర్ధాకలితో పెరిగి, బరువులు మోసి, ఎండలో వంగి, కాన్పైన కొద్దిరోజులకే కూలికి పోయిన స్త్రీకి 60 ఏళ్ళకే 75 ఏళ్ళ దేహం వస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. వారిలో పదింట ఏడుగురు గ్రామాలలోనే ఉన్నారు. వారిలో ఎందరో రెక్కలు ఆడినంతకాలమే విలువ పొందినవారు. శ్రమను బట్టి మనిషికి విలువ కట్టే లోకం ముందు, శ్రమ చేయలేని మనిషికి కూడా గౌరవమున్నదని నిలబెట్టడం సమతను నమ్మిన మన పని.

సేవ అనగానే ఆ భారం ఎవరి మీద పడుతున్నదో కూడా చూడాలి. తల్లిదండ్రులను పోషించడం సంతానం ధర్మమని సిగాలోవాద సుత్తం చెబుతున్నది. ఆ ధర్మం కొడుకుది. ఆచరణలో మాత్రం పొద్దంతా కూలిచేసి వచ్చిన కోడలి నెత్తిన పడుతున్నది. కొడుకు సభలలో తల్లిదండ్రుల సేవను గురించి మాట్లాడుతాడు, కోడలు దుప్పట్లు ఉతుకుతుంది. సోదరులారా, తండ్రికి స్నానం చేయించడం, తల్లి పాదాలకు పుండ్లున్నవేమో చూడడం మన చేతులతో మనం చేయవలసిన పనులు. అతిసారంతో తన మలమూత్రాలలోనే పడి ఉన్న ఒక భిక్షువును బుద్ధుడు, ఆనందుడు కలిసి తమ చేతులతో కడిగి మంచంపై పడుకోబెట్టిన ఉదంతం మహావగ్గంలో ఉన్నది. ఆ సందర్భంలోనే రోగికి సేవ చేసేవానికి ఉండవలసిన లక్షణాలు కూడా చెప్పబడినాయి. మందు సిద్ధం చేయగలగడం, రోగికి హితమేదో తెలిసి ఉండడం, ప్రతిఫలం ఆశించకుండడం, మలమూత్రాలను ఎత్తడానికి అసహ్యించుకోకుండడం, మంచి మాటలతో రోగి మనసుకు ఉల్లాసం కలిగించడం. ఇంటింటా సేవ చేసేవారికి ఈనాడు శిక్షణ ఇవ్వవలసివచ్చినా ఈ ఐదింటితోనే మొదలుపెట్టవచ్చును.

ప్రభుత్వం వైపు నుండి ఉన్నవాటిని కూడా తెలుసుకొని ఉండాలి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం పిల్లలు పోషించనప్పుడు ట్రిబ్యునలుకు దరఖాస్తు చేసుకోవచ్చును. చూసుకుంటామనే షరతుతో ఆస్తి రాయించుకొని తరువాత వదిలివేస్తే, ఆ బదిలీని రద్దు చేయించుకొనే వీలు కూడా అందులో ఉన్నది. వృద్ధుల సహాయానికి 14567 అనే ఫోను సంఖ్య ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ భారత్ పథకాన్ని 70 ఏళ్ళు నిండిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, విస్తరించింది. పింఛను వస్తున్నదా అని మాత్రమే గాక, ఆ సొమ్ము ఎవరి చేతిలో ఉంటున్నదని కూడా మనం అడగాలి. అయితే ఆస్పత్రి కార్డు ఎముక విరిగిన తరువాత పనికివస్తుంది. ఎముక విరగకుండా చూడవలసినది ఇంటివారు, ఇరుగుపొరుగువారు.

ఇరుగుపొరుగువారు ఏమి చేయగలరని సందేహించేవారికి కేరళను చూపుతాము. కోళికోడ్‌లో 1993లో కొద్దిమంది వైద్యులు, మిత్రులు మొదలుపెట్టిన ఉపశమన సేవ, తరువాత మలప్పురం మొదలైన జిల్లాలలో సామాన్యులు నడిపే ఇరుగుపొరుగు సంఘాలుగా విస్తరించింది. మంచానపడినవారి ఇళ్ళకు శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు, నర్సులు వెళ్తారు. ఆ రాష్ట్ర ప్రభుత్వం 2008లో దీనికొక విధానాన్నే ప్రకటించింది. మన తెలుగు నేలపై కూడా ఈ ఆలోచనకు పాత వేరున్నది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై అశోకుడు చెక్కించిన శాసనాలలో మనుషులకు, పశువులకు వైద్యం ఏర్పాటు చేసిన సంగతి ఉన్నది. ధర్మయాత్రలలో వృద్ధులను దర్శించి, వారికి ధనసహాయం చేసిన సంగతీ ఉన్నది. అంతటి చక్రవర్తి వృద్ధులున్న చోటికి తానే వెళ్ళాడు. మనం వారు మన విహారానికి వస్తేనే చూస్తున్నాము.

కనుక ఈ సభ ముందు మేము ఉంచే ప్రతిపాదన ఒక్కటే. ప్రతి విహారంలోను ఒక పుస్తకం పెట్టుకుందాము. మన పరిధిలో 65 ఏళ్ళు దాటిన ప్రతి వ్యక్తి పేరు, దీక్ష తీసుకున్నారా లేదా అనే భేదం లేకుండా, అందులో రాసుకుందాము. నెలకొకసారి ఇద్దరేసి, వారిలో ఒకరు స్త్రీగా, ఆ ఇళ్ళకు వెళ్దాము. ఐదు విషయాలు అడుగుదాము. నిన్న ఏమి తిన్నారు? బట్టలు వదులైనాయా? ఈ నెలలో పడ్డారా, పడబోయారా? ఏ మందులు వేసుకుంటున్నారు? మాట్లాడడానికి ఎవరు వచ్చారు? తరువాత రెండు చూద్దాము. నాలుగు మీటర్ల దూరం మామూలుగా నడవడానికి 5 సెకన్లకు మించి పడుతున్నదా? చేతుల ఊతం లేకుండా కుర్చీలోనుండి ఐదుసార్లు లేవడానికి 15 సెకన్లకు మించి పడుతున్నదా? పడితే ఆశా కార్యకర్తకు చెప్పి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తోడుగా తీసుకువెళ్దాము. ఒక పున్నమికి రానివారి ఇంటికి ఆ వారంలోనే వెళ్దాము. రెండవ పున్నమి దాకా ఆగవద్దు.

ఈ పని వలన పెద్దలందరూ తిరిగి బలవంతులవుతారని మేము చెప్పడం లేదు. కొందరి దేహం కోలుకోదు. తన చివరి రోజులలో బుద్ధుడే తన దేహాన్ని కట్లు కట్టి నడిపిస్తున్న పాతబండితో పోల్చుకున్నాడు. అప్పుడు ఆయనకు 80 ఏళ్ళు. అయినా పక్కన ఆనందుడున్నాడు. నీళ్ళు తెచ్చినవాడు, ఆసనం పరచినవాడు, బడలిక గమనించినవాడు అతడే. కోలుకోగలవారిని నిలబెట్టడం, కోలుకోలేనివారి పక్కన కూర్చోవడం రెండూ మన పనులే.

మా విహారంలో మెట్లకు ఇప్పుడు ఇనుప కడ్డీ వేయించాము. ముందు వరుసలో నేలమీద చాపలతోపాటు నాలుగు కుర్చీలు వేస్తున్నాము. పెద్దలు వెనుక గోడ దగ్గరకు పోనక్కరలేదు. ఈ పని రెండేళ్ళ ముందు చేసి ఉండవలసింది. మీ విహారంలో ఆలస్యం చేయకండి. ఈ సభ ముగిసి ఇళ్ళకు వెళ్ళిన తరువాత, పడుకొనేముందు, ఇంటిలోనో పక్కింటిలోనో ఉన్న ఒక పెద్దవారి దగ్గర కాసేపు కూర్చొని, ఈ పూట ఏమి తిన్నారని అడగండి.

 నమో బుద్ధాయ. జై భీమ్.